ఇంటిల్లిపాది బండి

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో స్కూటర్ బాగా పాతుకుపోయింది. దానికి మొదటి కారణం ఆ ఊరి కట్టుబడే. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య కుదిరిన ఒప్పందంతో దుర్గ్ పక్కన ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారంతో పాటే ఉద్యోగుల కోసం సెక్టార్ల వారీగా టౌన్‌షిప్ లేచింది. నేల చదును, రోడ్లు వెడల్పు, ఇరువైపులా చెట్లు. సెక్టార్లలోనే బడులు, బజార్లు. సెక్టార్ 9లో పెద్దాసుపత్రి, సివిక్ సెంటర్‌లో దుకాణాలు, రైలు కట్టకు అవతల సుపేలా, పవర్ హౌస్ బజార్లు ఉన్నాయి. ఎక్కువ పనులు నాలుగైదు కిలోమీటర్లలోనే తెమిలిపోతాయి. ఇలాంటి ఊరికి కావలసింది రోజుకు పదిసార్లు ఎక్కినా దిగినా విసుగు పుట్టించని బండి.

ఈ ఊరు రూపుదిద్దుకుంటున్న కాలంలోనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో పని వెతుక్కుంటూ వచ్చారు. రాయగడ మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం వాళ్లకు దారి చూపింది. ఖుర్సీపార్ లాంటి బస్తీల్లో తెలుగు ఇప్పటికీ వీధి భాషే. సెక్టార్ 5లో ఆంధ్ర సాహిత్య సమితి వారి బాలాజీ గుడి ఉంది. తొలి తరం కార్మికులు డ్యూటీకి ఎక్కువగా సైకిళ్ల మీదే వెళ్లేవారు. నెలనెలా జీతం నిలకడగా రావడం మొదలయ్యాక సైకిలు ఉన్నచోటికి స్కూటర్ వచ్చింది. ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగాల్లో వాహనానికి అడ్వాన్సు ఇచ్చి జీతంలో కోసుకునే పద్ధతి కూడా అప్పట్లో మధ్యతరగతికి కలిసి వచ్చింది.

స్కూటర్ పుట్టుకే మోటార్‌సైకిల్ ఇబ్బందులకు విరుగుడుగా జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న ఇటలీలో పియాజియో సంస్థ జనానికి చవకైన వాహనం అందించాలని తలపెట్టి, ఆ పనిని కొరాదీనో దస్కానియో అనే విమాన ఇంజనీరుకు అప్పగించింది. ఆయనకు మోటార్‌సైకిళ్లంటే సరిపడదు. ఎక్కడం కష్టం, టైరు మార్చడం కష్టం, గొలుసు నూనె బట్టలకు అంటుతుంది. ఆయన ఈ లోపాలను ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చాడు. ఇంజన్‌ను వెనక చక్రం దగ్గరికి చేర్చి గొలుసు అవసరం లేకుండా చేశాడు. గేరును చేతికి ఇచ్చాడు. కాళ్ల ముందు రేకు నిలబెట్టి గాలి, బురద తగలకుండా చూశాడు. ముందు చక్రాన్ని విమానం చక్రంలా ఒకవైపు నుంచే పట్టి నిలిపాడు, దాంతో టైరు విప్పడం తేలికైంది. 1946లో వెస్పా ఇలా రోడ్డెక్కింది. మరుసటి ఏడాది మిలాన్ నుంచి లాంబ్రెటా వచ్చింది.

ఈ రెండు ఇటలీ బళ్లే మన దేశంలోకీ వచ్చాయి. బొంబాయిలో ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా లాంబ్రెటాలను బిగించింది. బజాజ్ సంస్థ మొదట వెస్పాలను దిగుమతి చేసుకుని, తరువాత లైసెన్సుతో ఇక్కడే తయారుచేసింది. పియాజియోతో ఒప్పందం ముగిశాక 1972లో బజాజ్ సొంతంగా చేతక్‌ను తెచ్చింది. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్న ఆ బండి కోసం జనం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశారు. తెలుగు నేల మీద కూడా ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ 1980లలో పియాజియో సాయంతో వెస్పాలు తయారుచేసింది. కానీ ఇళ్లలో నిలిచిపోయిన పేరు చేతక్‌దే.

చేతక్‌ను వాడడం ఒక విద్య. పొద్దున ఇంజన్ చల్లగా ఉండి స్టార్టు కాకపోతే బండిని ఒక పక్కకు బాగా వంచి, కాసేపు అలాగే ఉంచి, నిలబెట్టి కిక్కు కొట్టేవారు. అప్పటికీ పలకకపోతే పక్క రేకు తీసి, ప్లగ్గు విప్పి, దాని మొన మీద పేరుకున్న మసిని గరుకు కాగితంతో గీకి మళ్లీ బిగించేవారు. పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిలు కొలత ప్రకారం కలపాలి. ఎడమ చేత్తో క్లచ్ నొక్కి, అదే మణికట్టును తిప్పి నాలుగు గేర్లూ మార్చాలి. ఇంజన్ కుడివైపు ఉండడంతో బరువు అటే లాగుతుంది. దారిలో పంక్చరైతే మాత్రం ఆ బండి యజమానిని నడిరోడ్డు మీద వదలదు. స్టెప్నీ బండికే ఉంటుంది, నట్లు విప్పి చక్రం మార్చుకుని పది నిమిషాల్లో బయల్దేరవచ్చు. భర్త బండి నడుపుతుంటే ఒక బిడ్డ ముందు నిలబడి, మరో బిడ్డ మధ్యలో ఇరుక్కుని, భార్య వెనక కూర్చునే సంసారపు ప్రయాణం ఒక తరానికంతా తెలిసిందే. అది క్షేమమైన పద్ధతి కాదు. అయినా ఆ తరానికి అందుబాటులో ఉన్న కుటుంబ వాహనం అదొక్కటే.

1980లలో జపాన్ సంస్థల సాయంతో వచ్చిన 100 సీసీ మోటార్‌సైకిళ్లు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచి మార్కెట్‌ను తమవైపు తిప్పుకున్నాయి. గేర్ల స్కూటర్ వెనకబడింది. 2006 నాటికి చేతక్ తయారీ ఆగిపోయింది. స్కూటర్‌ను తిరిగి నిలబెట్టింది గేర్లు లేని బండి. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా బటన్ నొక్కితే స్టార్టయి, గేర్ల బాధ లేకుండా నడిచి దారి వేసింది. 2001లో హోండా తెచ్చిన ఆక్టివా ఆ దారిని రాజమార్గం చేసింది. 2007లో సుజుకి ఆక్సెస్, 2013లో టీవీఎస్ జూపిటర్ వచ్చి చేరాయి. 2024-25లో దేశంలో అమ్ముడైన సుమారు 1 కోటి 96 లక్షల ద్విచక్ర వాహనాల్లో 68 లక్షలకు పైగా స్కూటర్లే.

గేర్లు లేవంటే వేగం మార్చే ఏర్పాటు లేదని కాదు, ఆ పని బండే చేసుకుంటుంది. ఇంజన్ దగ్గర ఒక పుల్లీ, వెనక చక్రం దగ్గర మరో పుల్లీ ఉంటాయి. రెండింటినీ కలుపుతూ రబ్బరు బెల్టు తిరుగుతుంది. యాక్సిలరేటర్ తిప్పి ఇంజన్ వేగం పెంచితే ముందు పుల్లీలోని చిన్న రోలర్లు బయటికి జరిగి దాని పలకలను దగ్గరికి నెడతాయి. బెల్టు పైకి ఎక్కుతుంది, వెనక పుల్లీలో కిందికి దిగుతుంది. గేరు మార్చినట్టే బండి వేగం అందుకుంటుంది, కుదుపు మాత్రం ఉండదు. వేగం తగ్గి ఇంజన్ నెమ్మదించినప్పుడు క్లచ్ దానంతటదే విడిపోతుంది, బండి ఆగినా ఇంజన్ ఆగిపోదు. ఎడమ చేతికి, ఎడమ కాలికి పని తప్పింది.

ఈ సౌకర్యం విలువ ప్లాంటు గేటు దగ్గర బాగా తెలుస్తుంది. పొద్దున 6 గంటలకు, మధ్యాహ్నం 2కు, రాత్రి 10కి షిఫ్టు మారుతుంది. మెయిన్ గేటు, బోరియా గేటు దగ్గర వందలాది బళ్లు ఒకేసారి చేరతాయి. అడుగు వేయడం, ఆగడం, మళ్లీ అడుగు వేయడం. అక్కడ మోటార్‌సైకిల్ వాడు ప్రతిసారీ క్లచ్ పట్టి, కాలితో గేరు తగ్గించి, మళ్లీ పెంచాలి. కాలికి ఉన్నవేమో మొన దగ్గర ఇనుప తొడుగు వేసిన సేఫ్టీ బూట్లు. మందపాటి ఆ మొనను గేరు లీవరు కిందికి దూర్చి ఎత్తడం రోజూ చికాకే. కోక్ ఓవెన్ దగ్గరో, ఫర్నేస్ దగ్గరో ఎనిమిది గంటలు వేడిలో నిలబడి వచ్చిన మనిషికి, కుడి చేయి తిప్పితే చాలు ఇంటికి చేర్చే బండి నిజమైన సుఖం.

బరువు లెక్క కూడా చూడాలి. 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ బరువు 195 కిలోలు. ఆక్టివా సుమారు 105 కిలోలు. క్వార్టరు ముందున్న గట్టు ఎక్కించడానికి, వరండాలోకి నెట్టడానికి, ఆసుపత్రి స్టాండులో ఇరుకు సందులోంచి వెనక్కి లాగడానికి ఆ 90 కిలోల తేడా చాలా ఎక్కువ. పెద్ద బండి శక్తి బయటపడేది గంటకు 80 కిలోమీటర్ల వేగంలో. టౌన్‌షిప్ రోడ్ల మీద ఆ వేగానికి చోటూ లేదు, అవసరమూ లేదు.

స్కూటర్ సామాను మోస్తుంది. కాళ్ల దగ్గరి చదునైన పలక మీద బియ్యం బస్తా కూర్చుంటుంది. హ్యాండిల్ కింది కొక్కేనికి కూరల సంచి వేలాడుతుంది. సీటు కింద డిక్కీలో టిఫిన్ క్యారేజీ, రెయిన్‌కోటు, బాలాజీ గుడికి తీసుకెళ్లే కొబ్బరికాయ, పూలు పడతాయి. మోటార్‌సైకిల్ మీద అదే సామానుకు తాళ్లో, పెట్టెలో కావాలి, లేదా వెనక కూర్చున్నవారి ఒడి కావాలి.

చీర కట్టుకునేవారికి స్కూటర్ మరింత అనువైనది. చీర చెంగు, చున్నీ వెనక చక్రంలో చుట్టుకుని జరిగే ప్రమాదాలు మన దేశంలో కొత్త కాదు. అందుకే కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన, వెనక కూర్చునేవారి బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్నైనా మూసే రక్షణ, చేతికి పట్టు, కాలికి ఆసరా ఉండాలని చెబుతోంది. మోటార్‌సైకిల్‌కు దాన్ని విడిగా బిగిస్తారు. స్కూటర్‌లో చక్రంలో ఎక్కువ భాగాన్ని బండి ఒళ్లే కప్పేస్తుంది. నడిపేవారికి కూడా మధ్యలో పెట్రోలు ట్యాంకు అడ్డు లేకపోవడంతో కాలు ఎత్తి దాటించాల్సిన పని లేదు. చీరలోనైనా, మోకాళ్ల నొప్పి ఉన్నా ఎక్కి కూర్చోవచ్చు.

గేర్లు లేని స్కూటర్ తెచ్చిన పెద్ద మార్పు ఇక్కడే ఉంది. అంతకుముందు ఇంట్లో బండి ఉన్నా దాని తాళం చెవి ఇంటాయన దగ్గరే ఉండేది. ఆయన డ్యూటీకి వెళ్తే మిగతావాళ్లు నడవాలి, లేదా ఆయన కోసం కాచుకోవాలి. ఇప్పుడు పొద్దుటి షిఫ్టుకు వెళ్లినాయన రెండు దాటాక బండి తెచ్చి గుమ్మం ముందు పెడితే, సాయంత్రం అదే బండి మీద భార్య సెక్టార్ 6 బజారుకు వెళ్తుంది. కాలేజీ చదివే కూతురు సివిక్ సెంటర్‌కు వెళ్లి వస్తుంది. రిటైరైన తండ్రి సెక్టార్ 9 ఆసుపత్రికి మందుల కోసం వెళ్తాడు. ఇంట్లో నలుగురు నడపగలిగినప్పుడు ఒక్క బండి నాలుగు బళ్లంత పని చేస్తుంది. పెద్ద మోటార్‌సైకిల్ చాలా ఇళ్లలో ఒక్కరి బండిగానే మిగిలిపోతుంది.

స్కూటర్‌కు హద్దులూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. 10, 12 అంగుళాల చక్రం గుంతలో లోతుగా దిగుతుంది. 18 అంగుళాల మోటార్‌సైకిల్ చక్రం అదే గుంతను దాటేస్తుంది. ఇంజన్ బరువు వెనక ఉండడం వల్ల ముందు భాగం తేలికగా ఉంటుంది, వానలో, ఇసుక పేరుకున్న మలుపుల్లో జారే అవకాశం ఎక్కువ. సగటు వాడకంలో 110 సీసీ స్కూటర్ లీటరుకు 45 కిలోమీటర్లకు అటూ ఇటూ ఇస్తే, 100 సీసీ మోటార్‌సైకిల్ 60 దాటుతుంది. బెల్టు కాలక్రమంలో అరిగిపోతుంది, కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు మార్చకపోతే దారిలో తెగుతుంది. రాయపూర్‌కు వెళ్లే 53వ నంబరు జాతీయ రహదారి మీద లారీల పక్కన చిన్న బండి గాలికి ఊగుతుంది. రోజూ ఆ దారిన పోయేవారికి, పల్లెల్లో గతుకుల మీద తిరిగే ఉద్యోగం ఉన్నవారికి మోటార్‌సైకిలే తగినది. సొంతూళ్లో పెళ్లికి శ్రీకాకుళం వెళ్లాలంటే రెండు బళ్లూ తగవు, దానికి రైలు ఉంది.

బ్రేకుల విషయంలో పరిస్థితి మెరుగైంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త ద్విచక్ర వాహనాలకు కనీసం కంబైన్డ్ బ్రేక్ తప్పనిసరి చేశారు. ఒక బ్రేకు పట్టినా రెండు చక్రాలకూ పట్టు అందుతుంది. కానీ మనిషి జాగ్రత్తకు బదులు ఏదీ లేదు. కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ ఈ ఊళ్లో పదో తరగతి దాటగానే పిల్లలకు స్కూటర్ ఇచ్చే తల్లిదండ్రులు ఒకటి గుర్తుంచుకోవాలి. 16 ఏళ్లకు లైసెన్సు దొరికేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే. 110 సీసీ స్కూటర్‌కు 18 నిండాలి. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. నేర్చుకోవడం తేలిక కాబట్టి ప్రమాదం తక్కువనుకోవడం పొరపాటు.

ఇక రాబోయే కాలం బ్యాటరీ స్కూటర్‌ది. 2018లో ఏథర్ 450, 2020లో టీవీఎస్ ఐక్యూబ్ వచ్చాయి. అదే ఏడాది బజాజ్ పాత చేతక్ పేరును బ్యాటరీ బండికి పెట్టి మళ్లీ రోడ్డెక్కించింది. చదునైన నేల, చిన్న దూరాలు, రాత్రి ఇంటి దగ్గరే ఆగే బండి, ఈ మూడూ బ్యాటరీ వాహనానికి కావలసినవే, మూడూ టౌన్‌షిప్‌లో ఉన్నాయి. మేడ మీది క్వార్టర్ల వారికి ఛార్జింగ్ సౌకర్యం కల్పించడమే మిగిలిన పని.

బండి కొనేముందు ఒక్క వారం రోజులు ఇంటిల్లిపాదీ ఎక్కడెక్కడికి వెళ్లారో కాగితం మీద రాసుకుంటే ఏ బండి కావాలో తేలిపోతుంది. ఆ కాగితంలో రహదారులు, దూరపు ఊళ్లు ఎక్కువగా కనిపిస్తే మోటార్‌సైకిల్ కొనాలి. గేటు, బడి, బజారు, ఆసుపత్రి, గుడి కనిపిస్తే స్కూటరే సరైనది. భిలాయ్‌లో ఎక్కువ ఇళ్ల కాగితాలు స్కూటర్‌వైపే తీర్పు చెబుతాయి. ఏది కొన్నా ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్లు రెండు కొనాలి, నడిపేవారికి ఒకటి, వెనక కూర్చునేవారికి ఒకటి.