మదనపల్లె నారుకు వానపాము కాపలా

పొద్దు పొడవకముందే మదనపల్లె మార్కెట్‌ యార్డు ఎర్రబారుతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన టమోటా క్రేట్లు బారులు తీరతాయి. వేలం పాటలు, హమాలీల కేకలు, లోడెత్తుకుంటున్న లారీలు... దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఇదీ ఒకటి మరి! 2023 జులైలో ఇక్కడ కిలో ధర రూ.150 దాటినప్పుడు ఊరి పేరు దేశమంతా మోగిపోయింది. అదే పంటను కొనేవాళ్లు లేక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఈ రైతులకు తెలుసు. ధర వాళ్ల చేతిలో లేదు. చేతిలో ఉన్నదల్లా అదనుకు మంచి నారు నాటుకోవడమే.

ఆ నారు సంగతి తెలియాలంటే మార్కెట్‌ వదిలి పల్లెదారి పట్టాలి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పక్కనే హార్స్‌లీ హిల్స్‌. మిగతా చోట్ల ఎండలు మండే రోజుల్లోనూ ఇక్కడ టమోటా కాయడానికి ఈ వాతావరణమే కారణం. దారి పక్కన అక్కడక్కడా షేడ్‌నెట్‌ పందిళ్లు. లోపల వరసగా పేర్చిన ప్లాస్టిక్‌ ట్రేలు. ఒక్కో ట్రేలో 98 గుంటలు, గుంటకో విత్తనం. పాతిక రోజులకు నారు సిద్ధం. రైతు ముందే చెప్పి ఉంచుతాడు. దుక్కి దున్ని, డ్రిప్పు పైపులు పరిచి, చెప్పిన రోజుకు వచ్చేస్తాడు.

రాత్రికి రాత్రే...

ముసురు పట్టిందంటే నర్సరీల్లో గుబులు మొదలవుతుంది. సాయంత్రం కళకళలాడిన మొలకలు తెల్లారేసరికి తలవాల్చేస్తాయి. కాండం మొదట్లో నీరుకారినట్టయి, దారంలా సన్నబడి, అక్కడికక్కడే ఒరిగిపోతాయి. ఇదే నారుకుళ్లు తెగులు. దీనికి కారణమైన వాటిలో ముఖ్యమైంది పిథియం. శిలీంధ్రంలా కనిపించే ఈ సూక్ష్మజీవి ఏళ్ల తరబడి మట్టిలో దాక్కుని ఉండగలదు. తడి దొరికితే దీని సిద్ధబీజాలు నీటి పొరలో ఈదుకుంటూ వెళ్తాయి. మొలకెత్తే గింజ నుంచి ఊరే చక్కెరలూ ఇతర పదార్థాలే వాటికి దారి చూపిస్తాయి. తెగులు కనబడగానే కాపర్‌ ఆక్సీక్లోరైడ్‌ను లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మొదళ్లు తడిసేలా పోస్తారు. దాంతో మిగిలినవి దక్కొచ్చు కానీ పడిపోయిన మొలక లేవదు కదా!

అందుకే విత్తనం వేసేటప్పుడే జాగ్రత్తపడేవాళ్లు ట్రేల్లో నింపే కొబ్బరిపొట్టులో వర్మీకంపోస్టు కలుపుతారు. పేడ, చెత్త తిన్న వానపాములు విసర్జించే, టీపొడిలా నల్లగా ఉండే ఎరువు అది. మొక్కకు బలమిస్తుందని అందరికీ తెలుసు. తెగులును కూడా ఆపుతుందా?

ఆపగలదనే అంటున్నాయి పరిశోధనలు. అమెరికాలోని ఒహాయో స్టేట్‌ విశ్వవిద్యాలయంలో క్లైవ్‌ ఎడ్వర్డ్స్‌ బృందం 2002లోనే దోస మొలకల్లో పిథియంను, ముల్లంగిలో రైజోక్టోనియాను వర్మీకంపోస్టు అదుపు చేస్తుందని చూపించింది. అదే ఎరువును వేడిచేసి అందులోని సూక్ష్మజీవుల్ని చంపేస్తే ఆ గుణం పోయింది. అంటే కాపలా కాసేది ఎరువు కాదు, అందులోని ప్రాణులే! ఆ తర్వాత కార్నెల్‌ విశ్వవిద్యాలయంలో ఎరిక్‌ నెల్సన్‌ బృందం దోస గింజల మీదే మరింత లోతుగా పరిశీలించింది. వర్మీకంపోస్టులోని సూక్ష్మజీవులు ముందుగా గింజను అంటిపెట్టుకుని, పిథియంకూ గింజకూ మధ్య నడిచే రసాయన సంకేతాలను చెడగొడుతున్నాయని గుర్తించింది. దారి తెలియని దొంగ ఇంటికెలా వస్తాడు?

ఎక్కువైతే చేటే

అలాగని ఇది మంత్రం కాదు. ఎరువు దేంతో చేశారు, ఎంత మాగింది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. పచ్చిపేడ వాసన వస్తుంటే ఇంకా మాగలేదని అర్థం. ఎండలో పడేసి ఎండబెట్టినా అందులోని సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. మంచిది కదాని దండిగా పోసినా లవణాలు ఎక్కువై లేతవేళ్లకే చేటు. కొన్ని ఒహాయో ప్రయోగాల్లో మిశ్రమంలో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా కలిపినప్పుడు టమోటా నారు బాగా పెరిగింది. మిద్దెమీద కుండీల్లో నారు పోసుకునేవాళ్లకూ ఈ లెక్కే... నాలుగు పాళ్ల కొబ్బరిపొట్టుకు ఒక పాలు వర్మీకంపోస్టు. నీళ్లు నిలవకూడదు, విత్తనాలు ఒత్తుగా చల్లకూడదు, వాడిన ట్రేలను కడగకుండా మళ్లీ వాడకూడదు. ఇవి పాటించనిచోట ఏ వానపామూ కాపాడలేదు.

చెప్పిన రోజున రైతు వస్తాడు. ట్రేలను ఆటోలోకి ఎక్కించేముందు ఒక మొక్కను మెల్లగా పైకి లాగి చూస్తాడు. గడ్డ చెదరకుండా, తెల్లటి వేళ్లు చుట్టుకుని వస్తే అతని ముఖంలో నవ్వు. కోతకొచ్చే రోజుకు మార్కెట్లో ధర ఎంతుంటుందో ఎవరికీ తెలియదు. తొలిమెట్టు మాత్రం దాటినట్టే!