మనీప్లాంట్‌కు కత్తెర

మన ఇళ్లలో మనీప్లాంట్ తీగకు కత్తెర తగలడం అరుదు. కుండీ టీవీ పక్కన ఉంటుంది, తీగ మాత్రం మేకుల మీదుగా, దారాల ఆసరాతో గోడలు చుట్టి గుమ్మం దాకా పోతుంది. చివర నాలుగైదు ఆకులు నిగనిగలాడుతుంటాయి, వాటి వెనక బారల పొడవునా ఆకు రాలిన బోడి కాడ. అంత సాగిందంటే మొక్క బాగున్నట్టేనని, దాన్ని కోయడం పాపమని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ పొడవులో చాలాభాగం వెలుతురు చాలక మొక్క పడిన పాట్లే. అలాంటి తీగను కోస్తేనే దానికి మేలు.

ఆ బోడి కాడను దగ్గరగా చూడండి. ప్రతి కణుపు దగ్గరా, రాలిన ఆకు గుర్తుగా, ఒక సన్నని గీత కాడను చుట్టి ఉంటుంది. పక్కనే గోధుమరంగు బుడిపె, అది గాలివేరు మొదలు. గీతకు కాస్త పైన వేలికి తగిలీ తగలనంత చిన్న మొగ్గ ముడుచుకుని ఉంటుంది. అది చిగురించకపోవడానికి కారణం తీగ కొసలోనే ఉంది. కొసచిగురు ఆక్సిన్ అనే హార్మోనును కిందికి పంపుతుంటుంది, అది దిగుతున్నంతకాలం పక్క మొగ్గలు లేవవు. 1930లలో కెనెత్ థిమన్, ఫోక్ స్కూగ్ అనే శాస్త్రవేత్తలు మొక్కల కొసలు తుంచి, కోసిన చోట ఆక్సిన్ పెట్టి చూశారు. కొస లేకపోయినా పక్క మొగ్గలు అణిగే ఉన్నాయి. 2014లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బఠాణీ మొక్కల్లో ఇంకో సంగతి పట్టుకున్నారు. కొస తుంచగానే దానికి పోయే చక్కెర పక్క మొగ్గలకు మళ్లుతుంది, అవి ముందుగా కదిలేది ఆ చక్కెరతోనే. కాబట్టి కణుపుకు కొంచెం పైన కోస్తే, ఆకు లేని కాడైనా సరే, పచ్చిగా గట్టిగా ఉంటే చిగురు వేస్తుంది. మెత్తబడి కుళ్లిన కాడ సంగతి వేరు, దాన్ని తీసేయాల్సిందే. నిజానికి ఇదంతా మనవాళ్లకు కొత్తేమీ కాదు. కరివేపాకు రెబ్బలు తుంచేకొద్దీ చెట్టు గుబురవుతుందని తెలుసు. వేసవి పూల కోసం చలికాలంలోనే మల్లె కొమ్మలు కత్తిరిస్తారు. ఆ తెలివిని గుమ్మం బయటే ఎందుకు వదిలేయాలి?

అడవిలో మనీప్లాంట్‌ను ఎవరు కోస్తున్నారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ మొక్క పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని మూరియా దీవి. అక్కడ ఇది చెట్టెక్కే తీగ. పైకి పోయేకొద్దీ ఆకు పెద్దదై, చీలికలు పడి, మూడడుగుల దాకా పెరగగలదు. కిందికి వేలాడితే అదే ఆకు చిన్నబోతుంది. చెట్టు దొరకాల్సిన తీగకు మనం మేకు ఇచ్చాం. కొబ్బరిపీచు చుట్టిన కర్ర పాతి, దాన్ని తడుపుతూ తీగను పైకి పాకించగలవాళ్లు కోయకపోయినా నాకు పేచీ లేదు.

తీగ కోస్తే సిరి తగ్గుతుందని జంకేవాళ్లకు ఒక్క మాట. ఈ మొక్క పూయడం దాదాపు ఎవరూ చూడరు. పూతకు కావలసిన జిబ్బరెలిన్ అనే హార్మోను తయారీలోనే దీనికి లోపం ఉందని 2016లో తేలింది. పువ్వు లేదు, గింజ లేదు. మన ఇళ్లలో ఉన్న ప్రతి మనీప్లాంటూ ఏదో ఒక తీగ నుంచి తెగిన ముక్కతో మొదలైందే. కోతే లేకపోతే ఇది ఏ గడపా దాటి వచ్చేది కాదు.

అయితే ఒక్క కత్తెరతో పని తీరదు. కుండీని ఎండ నేరుగా పడని వెలుతురులోకి జరపకపోతే కొత్త చిగుళ్లూ అలాగే బక్కగా సాగుతాయి, ఆకుల మీది పసుపు చారలూ మాసిపోతాయి. తీగ చురుగ్గా పెరిగే వానాకాలం కోతకు మంచి అదను. మొత్తం ఒకేసారి బోడి చేయకుండా, మూడో వంతు చొప్పున తీయడం నయం. పసరు తగిలితే కొందరికి దురద పుడుతుంది, చేతులు కడుక్కోవాలి, ముక్కలు పసిపిల్లల నోటికి అందకూడదు. కోసిన ముక్కకు కణుపు తప్పనిసరి. ఉత్త ఆకును తొడిమతో నీళ్లలో పెడితే వేళ్లు రావచ్చు గానీ తీగ పుట్టదు. కణుపు మునిగేలా గాజుసీసాలో ఉంచి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చి, వేళ్లు వేలెడంత అయ్యాక, నాలుగైదు ముక్కలు కలిపి తల్లి కుండీలోనే, బోసిపోయిన మొదట్లో నాటుకోవచ్చు.