టీసీ పుచ్చుకుని వచ్చిన జట్టు

గెలిచినవి 8. ఓడినవి 24. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు 2023-24లో సాధించిన ఘనత ఇది. ఆ కాలేజీ చరిత్రలో ఒక్క సీజన్‌లో ఇన్ని ఓటములు ఎప్పుడూ లేవు. మా పెద్దాడు యాన్ ఆర్బర్‌లో చేరిన మొదటి ఏడాదే ఈ ముచ్చట జరిగింది. స్టూడెంట్ టికెట్లకి ముందే డబ్బు కట్టేశాడు కాబట్టి చలిలో నడిచి వెళ్ళడం, జట్టు ఓడిపోవడం చూడటం, మళ్ళీ చలిలో నడిచి హాస్టల్‌కి రావడం. కట్టిన డబ్బు వదులుకోకూడదన్నది మా ఇంటి లక్షణం.

అప్పటి కోచ్ కూడా సామాన్యుడు కాదు. జువాన్ హవర్డ్. 1991లో ఒకేసారి చేరిన అయిదుగురు ఫస్టియర్ కుర్రాళ్ళని ఇక్కడ ఇప్పటికీ 'ఫ్యాబ్ ఫైవ్' అని తలుచుకుంటారు. ఆ అయిదుగురిలో ఒకరు. అంటే ఇంటి మనిషి. ఇంటి మనిషిని తీసెయ్యడం ఎవరికైనా కష్టమే. 2024 మార్చిలో తీసేశారు. కొద్దిరోజులకే డస్టీ మే అనే ఆయన్ని తెచ్చారు. ఫ్లోరిడా అట్లాంటిక్ అనే, అప్పటిదాకా పెద్దగా ఎవరికీ పట్టని కాలేజీని 2023లో దేశంలో చివరి నాలుగు జట్లలోకి తీసుకెళ్ళిన మనిషి. అక్కడ సెమీఫైనల్లో బజర్ మోగుతుంటే పడిన బంతితో 72-71తో ఓడిపోయారు.

ఆయన వచ్చేసరికి ఇక్కడ ఆటగాళ్ళు పెద్దగా మిగల్లేదు. ఎక్కడెక్కడినుంచో తెచ్చుకోవాల్సి వచ్చింది. డానీ వుల్ఫ్, ఏడడుగుల వాడు, యేల్ నుంచి. వ్లాడిస్లావ్ గోల్డిన్, ఏడడుగుల ఒక అంగుళం, పుట్టింది రష్యాలో, ఫ్లోరిడా నుంచి కోచ్ వెంటే వచ్చాడు. ట్రే డొనాల్డ్‌సన్ ఆబర్న్ నుంచి. రాడీ గేల్ ఒహాయో స్టేట్ నుంచి. ఒహాయో స్టేట్ నుంచి మిషిగన్‌కి రావడమంటే ఏంటో ఇక్కడివాళ్ళకే తెలుస్తుంది. వందేళ్ళకి పైగా పడని రెండు ఊళ్ళ మధ్య పిల్లనిచ్చినట్టు. పాతవాళ్ళలో మిగిలిన నిమారి బర్నెట్ కూడా అంతకుముందు టెక్సస్ టెక్, అలబామా చూసి వచ్చినవాడే.

దీన్ని 'ట్రాన్స్‌ఫర్ పోర్టల్' అంటారు. వెళ్ళిపోవాలనుకున్న ఆటగాడి పేరు అందులో ఎక్కితే, వేరే కాలేజీలవాళ్ళు అతనితో మాట్లాడొచ్చు. ఒకప్పుడు కాలేజీ మారితే ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఒకసారికి ఆ శిక్ష ఎత్తేశారు. 2024 ఏప్రిల్‌లో, చదువు సరిగ్గా ఉంటే చాలు, ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చన్నారు. పైగా 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు, ముఖం మీద డబ్బు సంపాదించుకోవచ్చు. ఇంకేం, ప్రతి వసంతంలోనూ దేశమంతా తిరునాళ్ళే.

ఇదంతా నేను గత నవంబరులో మా నాన్నకి వివరిస్తుంటే ఆయన మధ్యలోనే ఆపేశారు. "బదిలీ కౌన్సెలింగేగా? ఖాళీల లిస్టు పెడతారు, కోరుకున్నది రాసుకుంటారు. ఇందులో నువ్వు ఇంతసేపు చెప్పేదేముంది?"

నాన్న ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కనిగిరి వైపు కొన్నాళ్ళు, పొదిలి వైపు కొన్నాళ్ళు, దర్శి దగ్గర కొన్నాళ్ళు. వెళ్ళిన ప్రతిచోటా కబడ్డీకో ఖోఖోకో జట్టు కట్టడం, అది జిల్లా స్థాయికి వెళ్ళే వేళకి ఈయనకి బదిలీ రావడం. అమ్మ సామాన్లు సర్దుతూ "మళ్ళీ మొదటికి" అనేది. అమ్మ పోయినేడు వేసవిలో పోయింది. ఒంటరిగా ఉంటున్నారని నవంబరు మొదటివారంలో పట్టుబట్టి తెచ్చుకున్నాం. ఆయన వచ్చిన వారంలోనే సీజన్ మొదలైంది. క్లీవ్‌లాండ్ స్టేట్ మీద 101-53. జెట్‌లాగ్‌తో సోఫాలో కూలబడి ఆ మ్యాచ్ సగం చూశారు.

బాస్కెట్‌బాల్ ఆయనకి పెద్దగా తెలీదు. మూడు పాయింట్ల గీత ఏంటో చిన్నాడే చెప్పాడు. కానీ మేమంతా బంతి చూస్తుంటే ఆయన కాళ్ళు చూసేవారు. బంతి ఒక మూలనుంటే రెండో మూలనున్నవాడిని చూపించి "వీడు నిద్రపోతున్నాడు" అనేవారు. రెండు క్షణాల్లో అటునుంచే స్కోరు పడేది. ఇంకోటి, బెంచీ. "బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఆటలో ఉన్నారో లేదో చూడండి. జట్టంటే అదే. అయిదుగురు ఎక్కడైనా దొరుకుతారు."

డస్టీ మే చేసిన పని ఆయనకి నాకంటే ముందే అర్థమైంది. మామూలుగా ఏడడుగుల వాడిని బుట్ట కింద నిలబెడతారు, బంతి తెచ్చే పని పొట్టివాళ్ళది. ఈయన వుల్ఫ్ చేతికే బంతి ఇచ్చి కోర్టు ఆ చివరినుంచి ఈ చివరికి తెమ్మన్నాడు. ఇంకో ఏడడుగుల గోల్డిన్ వచ్చి వుల్ఫ్‌ని కాసేవాడికి అడ్డు నిలబడతాడు. అవతల జట్టుకి దిక్కుతోచదు, ఎందుకంటే ఇద్దరు పొడుగువాళ్ళు ఈ ఆట ఆడటం వాళ్ళు ఎక్కడా చూసుండరు. "మూలన నిలబడి పట్టేవాడిని కూతకి పంపించాడే!" అని నాన్న తొడ కొట్టినంత పని చేశారు. ఆయన కూడా ఒకసారి ఆ పని చేశారట. ఫలించలేదట. ఇక్కడా అన్నిసార్లూ ఫలించలేదు. వుల్ఫ్ బంతి పోగొట్టుకున్నప్పుడల్లా మా ఆయన టీవీ మీద అరిచేవారు. నాన్న మాత్రం "పోగొట్టుకోనివ్వండి అల్లుడుగారూ, కూతకెళ్ళినవాడే దొరుకుతాడు" అనేవారు.

ఫిబ్రవరి నెల గురించి చెప్పాలంటే బీపీ మాత్రలతో మొదలుపెట్టాలి. ఆ నెల గెలిచిన మ్యాచులన్నీ నాలుగు పాయింట్లలోపే. ఆరెగన్ మీద 80-76, ఇండియానా మీద 70-67, నెబ్రాస్కా మీద 49-46. ఆ నెబ్రాస్కా మ్యాచ్‌లో ఇరుపక్షాలూ బుట్టకి శత్రువులే. పర్డూ మ్యాచ్ చూడటానికి పెద్దాడు తాతయ్యని క్రిస్లర్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. కోటు మీద కోటు, మంకీ క్యాపు, దానిమీద పసుపురంగు మిషిగన్ టోపీ. 75-73తో గెలిచాం. స్టూడెంట్లు గెంతుతుంటే పెద్దాడు వాళ్ళలో కలిసిపోయాడు. నాన్న మాత్రం నేల తుడిచే కుర్రాళ్ళని చూస్తున్నారు. ఎవడైనా పడితే చాలు, తువ్వాలు పుచ్చుకుని పరిగెత్తుకొచ్చి చెమట తుడిచి వెళ్ళిపోతున్నారు.

"మీ కోచ్ ఒకప్పుడు ఈ పని చేసినవాడే నాన్నా" అన్నాను. నిజమే. డస్టీ మే ఇండియానా జట్టులో ఆటగాడు కాదు. ఇండియానాలో బాబ్ నైట్ దగ్గర స్టూడెంట్ మేనేజరు. బాబ్ నైట్ అంటే మూడు జాతీయ టైటిళ్ళు గెలిచిన మహా కోచ్, 1985లో కోపమొచ్చి కోర్టులోకి కుర్చీ విసిరేసిన మహానుభావుడు కూడా. ఆయన దగ్గర నాలుగేళ్ళు పనిచేసి, కుర్చీలు విసరడం మాత్రం నేర్చుకోకుండా బయటపడ్డాడంటే అదొక చదువే. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కారెక్కాక "వాడికి ఆటగాళ్ళ చెమట తెలుసన్నమాట" అన్నారు.

మార్చి మొదట్లో జట్టు వరసగా మూడు ఓడింది. ఇలినాయ్, మేరీలాండ్, ఆఖరున మిషిగన్ స్టేట్ చేతిలో 79-62. ఇంక అయిపోయిందనుకున్నాం. అక్కణ్ణించి ఇండియానాపొలిస్‌లో బిగ్ టెన్ టోర్నమెంటు. పర్డూని గెలిచారు. మార్చి 15న సెమీస్‌లో అదే మేరీలాండ్. కొద్ది క్షణాలుండగా వాళ్ళు ఒక్క పాయింటు ముందుకెళ్ళారు. డొనాల్డ్‌సన్ బంతి అందుకుని కోర్టు ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒక్కడే ఉరికి వేసేశాడు. గడియారంలో మిగిలింది 0.4 సెకన్లు. 81-80. మా ఇంట్లో గోల చూసి పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. నాన్న ఒక్కటే మాట: "తలెత్తి పరిగెత్తాడమ్మా. తల దించుకుని పరిగెత్తేవాడు గోడకి గుద్దుకుంటాడు." మర్నాడు ఫైనల్లో విస్కాన్సిన్ మీద 59-53. 2018 తర్వాత మళ్ళీ ఆ కప్పు వచ్చింది. ఏడాది క్రితం 8 మ్యాచులు గెలిచిన కాలేజీకి!

ఆ తర్వాత 68 జట్ల జాతీయ టోర్నమెంటు. ఒకటి ఓడితే ఇంటికే. శాన్ డియేగో వాళ్ళని 68-65తో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటాం. టెక్సస్ ఎ అండ్ ఎమ్ మీద 91-79. ఆ రోజు రాడీ గేల్ 26 పాయింట్లు కొట్టాడు. సీజన్ చివర్లో మొదటి అయిదుగురిలో చోటు పోయి బెంచీ మీదనుంచి వస్తున్నవాడు! నాన్న మావైపు తిరిగి చూశారు. అంతే, చెప్పిందేమీ లేదు.

తర్వాతి మ్యాచ్ మార్చి 28న, అట్లాంటాలో, ఆబర్న్‌తో. టోర్నమెంటులో మొదటి ర్యాంకు జట్టు, డొనాల్డ్‌సన్ వదిలి వచ్చిన కాలేజీ. అయితే మార్చి 24నే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచారు. అంటే 16 జట్లు ఇంకా ఆడుతుండగానే, ఎవరు ఎక్కడికి పోతారన్న బేరాలు మొదలు. నాన్నకి సీజన్ మొత్తంలో కోపం వచ్చింది ఆ ఒక్కరోజే. "పబ్లిక్ పరీక్షలు జరుగుతుంటే టీసీలు ఇస్తారా ఎక్కడన్నా? ఎవడు పెట్టాడు ఈ రూలు? వాణ్ణి ముందు ఒక స్కూల్లో వేయించండి." నాకూ అప్పుడు అదే అనిపించింది. పిల్లలు మారడంలో తప్పేం లేదు, కోచ్‌లు మారడంలేదా? కానీ ఆట పూర్తయ్యేదాకా తలుపు మూసి ఉంచడానికి ఎవరికేం కష్టం?

ఆబర్న్ మీద రెండో సగంలో తొమ్మిది పాయింట్లు ముందున్నాం. 78-65తో ఓడిపోయాం. మొత్తం 27 గెలుపులు, 10 ఓటములు.

కొద్ది వారాలకే డొనాల్డ్‌సన్ పేరు పోర్టల్‌లో కనిపించింది. తర్వాత మయామీకి వెళ్ళిపోయాడు. పెద్దాడు రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నాకూ కడుపులో మెలిపెట్టినట్టయింది. ఆ 0.4 సెకన్ల పిల్లాడు!

"ఆడినన్నాళ్ళు ఆడాడా లేదా?" అన్నారు నాన్న. "నా దగ్గర ఆడిన పిల్లలు తర్వాత ఎక్కడికి పోయారని నేనడిగానా?"

"మీ పిల్లలకి టెన్త్ అయిపోయేది నాన్నా. వీడికింకా ఏడాది ఉంది. ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. ఉండకపోవచ్చు."

ఆ మాటతో మేమిద్దరం కాసేపు ఊరుకున్నాం. ఎందుకంటే ఆ వారమంతా ఇంట్లో నడుస్తున్న వాదన అదే. గ్రీన్‌కార్డుకి పెడతాం, ఇక్కడే ఉండిపొమ్మని నేను. అమ్మ సంవత్సరీకానికి వెళ్ళాలి, తర్వాత చూద్దామని ఆయన. చూద్దామంటే రానని అర్థం. కూతురింట్లో ఎన్నాళ్ళు ఉంటారన్న మాట పైకి అనరుగానీ, భోజనం దగ్గర పెరుగు రెండోసారి అడగని మనిషిని చూస్తే తెలీదా?

"నలుగురూ నాలుగు దిక్కులనుంచి వచ్చి నాలుగు నెలల్లో కలిసిపోలేదా? మీకు అయిదున్నర నెలలు చాలలేదా?" అని అడిగేశాను.

నవ్వారు. "వాళ్ళకి ఇరవై, ఇరవై రెండేళ్ళు తల్లీ. నాకు కొత్త స్కూలంటే ఇప్పుడు దారి గుర్తుండదు."

అయితే ఈ మనిషే, మంచు కరిగీ కరగగానే చిన్నాణ్ణి గ్యారేజీ ముందున్న బుట్ట దగ్గరికి లాక్కెళ్ళారు. బంతి వెయ్యడం నేర్పలేదు, అది రాదన్నారు. ఎడమ కాలు పాతి, దానిమీదే గిర్రున తిరగడం ఒక్కటే నేర్పారు. రోజుకి అరగంట. మేము ఖోఖో ఆడే రోజుల్లో నాకు నేర్పింది కూడా అదే. ఏప్రిల్ మూడోవారంలో విమానం ఎక్కించాం. పసుపు టోపీ పెట్టుకునే వెళ్ళారు.

మే నెలలో సంవత్సరీకం అయింది. జూన్ 6న ఇక్కడి కోర్టు ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. ఇకనుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీ సుమారు రెండు కోట్ల డాలర్లదాకా. జూన్ 25న వుల్ఫ్‌ని ఎన్‌బీఏలో బ్రూక్లిన్ వాళ్ళు 27వ ఎంపికగా తీసుకున్నారు. ఈ వార్తలన్నీ వాట్సాప్‌లో పంపితే అన్నిటికీ ఒకటే బొటనవేలు బొమ్మ.

మొన్న ఆదివారం మాత్రం ఆయనే ఫోన్ చేశారు. కొత్తగా ఎవరెవరు వస్తున్నారో పెద్దాడు చెప్పాడట. యూఏబీ నుంచి యాక్సెల్ లెండెబోర్గ్, నార్త్ కరోలినా నుంచి ఎలియట్ కాడో, యూసీఎల్‌ఏ నుంచి స్పెయిన్ కుర్రాడు అడాయ్ మారా.

"ఆ స్పెయిన్ వాడు ఏడడుగుల మూడంగుళాలంటగా? కాళ్ళెలా ఉంటాయి?"

"నవంబరు దాకా తెలీదు నాన్నా. వచ్చి చూడండి."

దానికి జవాబివ్వలేదు. చిన్నాడు ఫోన్ లాక్కుని, ఎడమ కాలి మీద తిరగడం వచ్చేసిందని చెప్పాడు. "వీడియో పెట్టు" అన్నారు. గ్యారేజీ ముందు నిలబెట్టి తీసి పంపించాను. అక్కడ తెల్లవారుజాము అయినట్టుంది, అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది. మడమ లేస్తోందట.