ముప్ఫైనాలుగో పేరు

కావలిలో రైలు దిగి తూర్పు దోవ పట్టిన వాడికి సముద్రం కంటికి కనబడక ముందే ముక్కుకు తెలుస్తుంది. వూరు దాటగానే గాలిలో ఉప్పు, ఇంకా కొంతదూరం పోయాక ఎండుచేపల వాసన. గిట్టని వాళ్ళు జేబురుమాలు తీస్తారు. నా బోటి వాళ్ళు గుండెనిండా పీల్చుకుంటారు. నేను ఈ దోవన పుట్టి పెరిగినవాణ్ణి. అయినా మొన్న 2025 సంక్రాంతికి పోయినప్పుడు మాత్రం ఆ వాసన నాకు సుఖంగా లేదు. కారణం చెబుతాను.

కావలి చదువుల వూరు. దొడ్ల రామచంద్రారెడ్డి గారి జవహర్ భారతి కళాశాల పుణ్యమా అని మా చుట్టుపక్కల పల్లెల పిల్లలకు డిగ్రీ అన్నది అందని పండు కాలేదు. అయితే ఆ పండు అందాలంటే ముందు పదోతరగతి అనే గోడ దూకాలి. మా వూరు కావలికీ సముద్రానికీ నడుమ వున్నది. పేరు చెప్పను; చెబితే మా వాళ్ళు ‘వూరి పరువు పత్రికకెక్కించావా’ అని తగువుకొస్తారు. ఆ వూరి హైస్కూల్లో 1989–90లో పదోతరగతి చదివిన ముప్ఫైనలుగురిలో నేనొకణ్ణి. క్లాసు లీడర్ని కూడాను. ఆ పదవిలో నేను చేసిన ఘనకార్యమల్లా అయ్యవారు లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డుమీద రాయటం.

ఇప్పుడు వూరూరా పాత విద్యార్థుల సమ్మేళనాలు జరుగుతున్నాయి గదా, మా వాళ్ళకూ ఆ సరదా పుట్టింది. వాట్సాప్‌లో ఒక జట్టు కట్టారు. బెంగుళూరు నుంచి ఒకడు, కువైట్ నుంచి ఒకడు, మనమళ్ళనెత్తిన అమ్మమ్మలు నలుగురు – అందరూ దొరికారు. ‘మన సంవత్సరం’ అని ఎవరు మొదలుపెట్టినా మాట తిరిగి తిరిగి తుఫాను దగ్గరే ఆగేది. ఎవరో పాత గ్రూపు ఫొటో పెట్టారు. దాన్ని చూసి ఒకావిడ అడిగింది: ‘‘లీడరూ, పాలెం అబ్బాయి ఏడీ? ఫొటోలో లేడే? వాడి ఆచూకీ నువ్వే తియ్యాలి.’’

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తుఫాను సంగతి కొంత చెప్పుకోవాలి. దానికి ‘గే’ అని పేరు. అది పుట్టింది మన సముద్రంలో కాదు, థాయిలాండు సింధుశాఖలో. 1989 నవంబరు 3న అక్కడ చమురుబావులు తవ్వే సీక్రెస్ట్ అనే ఓడను బోర్లాతోసి 91 మందిని పొట్టన పెట్టుకున్నది. మర్నాడు థాయిలాండును అడ్డంగా దాటి, బంగాళాఖాతంలో దిగి, బలం పుంజుకుని, నాలుగు రోజుల్లో సముద్రమంతా ఈది, 8వ తేదీ రాత్రి కావలి దగ్గర ఒడ్డెక్కింది. ఇంత లోకం వుండగా మా కావలే దొరికిందా దానికి అని మా నాయనమ్మ చాలాకాలం దెప్పేది. రేడియో ముందే హెచ్చరించింది గనుక పాలేల వాళ్ళను చాలామందిని లోపలి వూళ్ళకు తరలించారు. 1977 దివిసీమలో వేలమంది పోయారు. ఇక్కడ 69 మందితో పోయిందని పెద్దలు అనుకున్నారు. పోయినవాళ్ళ ఇళ్ళలో ఆ ‘తో’ ఎట్లా వినబడుతుందో నేను చెప్పలేను.

మా వూళ్ళో అర్ధరాత్రి కాసేపు గాలి నిలిచిపోయింది. అయిపోయిందనుకుని మా నాయన తలుపు తీయబోతే తాత చెయ్యి పట్టుకున్నాడు. ‘‘వుండు నాయనా, అది తిరిగి వస్తది’’ అన్నాడు. అన్నట్టే ఎదురు దిక్కునుంచి వచ్చింది. తెల్లవారి చూస్తే తాటిచెట్లకు తలలు లేవు. బడికి కప్పు లేదు, ప్రహరీగోడ లేదు. కరెంటు లేదు, పత్రిక లేదు. వారం పదిరోజులకు చేరిన పాత పత్రికల కట్టలో మా తుఫానూ, బెర్లిన్ గోడ పడిపోయిన వార్తా పక్కపక్కనే వున్నాయి. ఆ రెండూ ఒక్కరోజు తేడాతో జరిగినవే. సోషలు మాస్టారు ఆ కాగితం పట్టుకుని, ‘‘అక్కడా గోడే పడింది, ఇక్కడా గోడే పడింది. వాళ్ళది పడితే పండగ, మనది పడితే గేదెలు’’ అన్నారు. నిజంగానే క్లాసులోకి గేదెలు వచ్చేవి. ఇంకో రెండు వారాలకు ఎన్నికలు. ఓట్లడగను వచ్చిన పెద్దలందరూ మా బడి కప్పు చూసి తలలూపి పోయారు.

పాలెం అబ్బాయి మాతో ఆరో తరగతి నుంచీ చదివాడు. రోజూ ఉప్పుకాలువ దాటి ఇసకలో నడిచి వచ్చేవాడు. ఉప్పుకాలువంటే బకింగ్‌హాం కాలువ. ఒకనాడు మద్రాసుకూ బెజవాడకూ పడవల రాదారి. 1876–78 కరువులో కూటికి లేని జనం చేత కొంత భాగం తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. మా కాలానికే పడవలు పోయి, బురదా, పీతలూ మిగిలాయి. ఆ కాలువ దాటి వచ్చేవాడికి లెక్కల్లో నాకంటే అయిదారు మార్కులు ఎప్పుడూ ఎక్కువ వచ్చేవి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో పాఠకులు గ్రహిస్తారు.

తుఫాను తర్వాత వాడు బడికి రాలేదు. పరీక్ష ఫీజుకు గడువు దగ్గరపడింది. మా తెలుగు అయ్యవారు నన్ను పిలిచి, ‘‘అబ్బాయీ, సైకిలేసుకుని పాలెం పో. ఫీజు నేను కడతానన్నానని చెప్పు. పుస్తకాలు కొట్టుకుపోయివుంటే నావిస్తానని చెప్పు. వాణ్ణి వెంటబెట్టుకుని రా’’ అన్నారు.

పోయాను. కాలువ దాకా పోయాను. చెక్కవంతెన సగం కొట్టుకుపోయింది. నడుంలోతు నీళ్ళు. చచ్చిన పశువుల కంపు. అయినా పాలెం ఆడవాళ్ళు నెత్తిన బిందెలతో ఆ నీళ్ళలోనే వస్తూపోతూ వున్నారు. నేను కూలిన తాటిమాను మీద ఒక గంటసేపు కూర్చున్నాను. భయమో, రోతో, బద్ధకమో, మరింకేదో. సైకిలు తిప్పుకుని వచ్చి, ‘‘వాడు రానన్నాడు అయ్యవారూ’’ అన్నాను.

అయ్యవారు మరి మాట్లాడలేదు. ఫిబ్రవరిలో ఫొటో దిగాము. దాని వెనక పేర్లు రాయమని నాకే చెప్పారు. ఆయన చెబుతుంటే వరసగా రాశాను. ముప్ఫైమూడు అయినాక కలం మూయబోతే, ‘‘ఇంకొక పేరు వున్నది, రాయి’’ అన్నారు. రాశాను. ముఖాలు ముప్ఫైమూడు, పేర్లు ముప్ఫైనాలుగు. ఆ ఫొటో ముప్ఫైయయిదేళ్ళుగా నా పెట్టెలో వున్నది. అయ్యవారు పోయి చాలా ఏళ్ళయింది.

భోగి ముందురోజు బావమరిది స్కూటరు తీసుకుని బయలుదేరాను. ఈ దోవ నేను ఎరిగిన దోవ కాదు. వరికయ్యలు వుండవలసిన చోట రొయ్యల గుంటలు. నీళ్ళను చిలికే చక్రాలు రాత్రింబగళ్ళు తిరుగుతుంటాయి. మేము పరీక్షలు రాసి బయటపడ్డ తరువాత నాలుగైదేళ్ళు ఈ తీరమంతా టైగరు రొయ్య పిచ్చి పట్టింది. గుడిసె వున్నవాడు మేడ కట్టాడు. 1994–95లో తెల్లమచ్చ తెగులు తగిలి మేడ కట్టినవాడు దాన్ని అమ్ముకున్నాడు. 1996లో సుప్రీంకోర్టు సముద్రం పక్కన గుంటలు కూడదన్నది. ఆనక చట్టాలు మారాయి, రొయ్య జాతి మారి వెనామీ వచ్చింది. చక్రాలు మళ్ళీ తిరుగుతున్నాయి. మా క్లాసులో ఇద్దరు ఈ రొయ్యలతోనే లేచి, రొయ్యలతోనే పడి, మళ్ళీ లేచారు. గుంటల పక్క బావుల్లో నీళ్ళు ఉప్పనైనాయని ఆడవాళ్ళ ఫిర్యాదు. మంచినీళ్ళు క్యానుల్లో వస్తున్నాయి.

కాలువ మీద ఇప్పుడు సిమెంటు వంతెన. అక్కడ స్కూటరు ఆపి కిందికి చూశాను. ఎంత చిన్న కాలువ! 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ కాలువే చాలాచోట్ల అల జోరును మింగి లోపలి వూళ్ళను కాచిందంటారు. నాడు నన్ను ఆపింది కూడా ఇదేనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. వంతెన మీద నిలబడి చూస్తే ఆ మాట నిలవలేదు.

వంతెన దిగితే సరుగుడు తోపులు, ఇసక, పాలెం. తాటాకు గుడిసెలు పోయి పక్కా ఇళ్ళు వచ్చాయి. తుఫాను షెల్టరు వున్నది; వానలేని నాళ్ళలో దానికింద పిల్లలు గోళీలాడుకుంటారు. ఒడ్డున మానులు కట్టిన తెప్పలు కనబడవు. రంగురంగుల ఫైబరు పడవలు వరసగా ముక్కులు సముద్రం వైపు పెట్టి కూర్చున్నాయి. దగ్గర్లో జువ్వలదిన్నెలో చేపలరేవు కట్టారు. ఉత్తరాన రామాయపట్నంలో ఓడరేవు పనులు సాగుతున్నాయి. ‘‘అది వస్తే మా పిలకాయలకు పన్లొస్తాయో, మా వేట పోతదో’’ అని టీ అంగడి ముసలాయన. రెండూ జరగవచ్చునని నాకు తోచింది కాని పైకి అనలేదు.

నేనడిగిన మనిషి పడవ నీడన కూర్చుని వల బాగుచేస్తున్నాడు. జుట్టు నా మాదిరే నెరిసింది.

‘‘ఎవరు కావాల సార్?’’ అన్నాడు.

పేరు చెప్పాను. వలమీద చెయ్యి ఆగింది. ‘‘ఓర్నీ, లీడరువా! ఎప్పుడొచ్చుండావు?’’ అని లేచాడు. లోపలికి కేకేస్తే భార్య వచ్చి, ‘‘కూర్చో అన్నా, టీ పెడతా’’ అని కుర్చీ వేసింది. వాడు మాత్రం మళ్ళీ ఇసకలోనే కూర్చున్నాడు. కుర్చీలో వుండలేక నేనూ దిగి పక్కన కూర్చున్నాను.

తుఫానుకు వాళ్ళ నాయన తెప్ప, వలలు అన్నీ పోయాయట. ఆ నెలాఖరుకే నాయనతో మద్రాసు కాశిమేడు పోయి, మరపడవల్లో కూలిపని చేశాడు. పదేళ్ళకు తిరిగి వచ్చాడు. ఇప్పుడు పడవలో సగం వాటా వున్నది. కూతురు కావలిలో డిగ్రీ చదువుతున్నది. లెక్కలే తీసుకున్నదట.

టీ చల్లారిపోయింది. నేను చెప్పవలసింది చెప్పాను. కాలువ, తాటిమాను, అబద్ధం. దాచకుండా చెప్పాను. వాడు సూదిలో దారం లాగుతూ విన్నాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను.

చాలాసేపటికి అడిగాడు: ‘‘అయ్యవారు ఫీజు కడతానన్నాడా?’’

‘‘అన్నాడు.’’

‘‘ఏమన్నాడు? ఆయన అన్న మాట చెప్పు.’’

చెప్పాను. పుస్తకాల సంగతి కూడా చెప్పాను. వాడు లోపలికి తిరిగి, ‘‘మేయ్, ఇట్రా! మా అయ్యవారు నన్ను పిలుచుకురమ్మన్నాడంట. ఫీజు తానే కడతానన్నాడంట’’ అని గట్టిగా చెప్పాడు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, నన్నూ వాణ్ణీ చూసి నిలబడిపోయింది.

‘‘నెల రోజులు చూశా’’ అన్నాడు నాతో. ‘‘బళ్ళో నుంచి ఎవరో ఒకరు రాకుండా వుంటారా అని చూశా. ఎవరూ రాలే. సరే, మనల్ని లెక్కలో తీసేశారనుకున్నా.’’

‘‘నేను వచ్చి చెప్పివుంటే పరీక్ష రాసేవాడివా?’’

‘‘మా నాయన పంపేవాడో లేదో. ఇప్పుడెట్టా చెప్పేది?’’ అని కాసేపాగి, ‘‘రాసేవాణ్ణేలే’’ అన్నాడు.

జేబులోంచి ఫొటో తీసి ఇచ్చాను. ముఖాలు ఒక్కొక్కటే గుర్తుపట్టాడు; డ్రిల్లు మాస్టారి మీసం చూసి నవ్వాడు కూడా. అప్పుడు వెనక్కు తిప్పమన్నాను. చివరి పేరు మీద వేలు పెట్టి, ‘‘ఈ చేతిరాత నీదే’’ అన్నాడు.

‘‘మాట ఆయనది.’’

నన్ను క్షమించాడో లేదో నేనడగలేదు, వాడు చెప్పలేదు. పొద్దు వాలేదాకా వున్నాను. పోయేటప్పుడు వంతెన దాకా నడిచి వచ్చాడు. ‘‘ఆ మాను ఇక్కడేనా పడింది?’’ అని అడిగి, నేను చూపిస్తే, ‘‘ఇక్కణ్ణుంచి మా ఇల్లు కనబడేది గదా’’ అన్నాడు. కనబడేది.

కనుమనాడు మా సమ్మేళనం బడి ఆవరణలోనే జరిగింది. శామియానా, దండలు, వుపన్యాసాలు. అయిదుగురు ఏడ్చారు, ఇద్దరు పాడారు. పాటకంటే ఏడుపే నయం. నేను లేచి ఈ సంగతి చెప్పాను. ఆచూకీ తియ్యమన్న ఆవిడ ముందువరసలో తలవంచుకుని కూర్చున్నది. తక్కినవాళ్ళు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక వూరుకున్నారు.

వాడు రాలేదు. ఆ వేకువనే కానాగంతలు గుంపుగా పడుతున్నాయని పడవలన్నీ పోయాయట. మధ్యాహ్నం భోజనాల వేళకు కూతురు స్కూటీ మీద వచ్చి, మంచుముక్కలు వేసిన గంప దింపి, ‘‘నాయన ఇవ్వమన్నాడు. ముప్ఫైమూడు ఇళ్ళకు సరిపోతాయంట’’ అని చెప్పి పోయింది.

పంచింది నేనే. సరిగ్గా సరిపోయాయి. ఫొటో మాత్రం వాడు తిరిగి పంపలేదు. నేనూ అడగలేదు.