పిడికెడు బియ్యం

మా నానమ్మకు చదువు రాదు. దివిసీమ పల్లెలో పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ‘బిస్మిల్లాహ్’ అంటూ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. నెల తిరిగేసరికి ఆ బియ్యం మదరసా పిల్లలకు చేరేది. 1977 నవంబరు 19న ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నప్పుడు, మా గడప తొక్కిన వారికి మొదట వండిపెట్టినది ఆ కుండలోని బియ్యమే. మీరెవరని ఆమె ఎవరినీ అడగలేదు.

మరణానంతరం కూడా పుణ్యం చేకూర్చే ‘సదఖయె జారియా’ గురించి నేను విద్యార్థులకు బోధిస్తుంటాను. ఆమె బియ్యం తిని చదివినవారు నేర్పే ప్రతి అక్షరంలోనూ ఆమెకు వాటా ఉంటుందని ఆశిస్తాను. నేడు విజయవాడలోని మా ఇంటికి బియ్యం బస్తాల్లో వస్తోంది. కుండకు బదులు స్టీలు డబ్బా ఉంది. పిడికెడు వేసే పని మా మనవరాలిది. పెద్దలను గౌరవించడమంటే వారు ఆరంభించిన మేలును ఆగిపోనీయకపోవడమే. అల్లాహ్ ఆమెను మన్నించుగాక! ఆమీన్.