సైకిలు చైనుకు ఏ నూనె?

మీలో చాలామంది సైకిలు తొక్కేవాళ్లే. చైను కిర్రుమన్నప్పుడు మీరేం చేస్తారు? ఇంట్లో ఏ నూనె చేతికి దొరికితే అది నాలుగు చుక్కలు పోసి, ఎక్కి వెళ్లిపోతారు. చప్పుడు ఆగుతుంది. కాని చప్పుడు ఆగినంతమాత్రాన చైనుకు మేలు జరిగిందనుకోకండి. మా కర్నూలు, కడప సీమల్లాంటి దుమ్ము నేలలో ఈ సంగతి మరీ ముఖ్యం.

ముందు చైనును దగ్గరగా చూడండి. లింకుకు అటూ ఇటూ రేకులుంటాయి. వాటిని కలుపుతూ ఒక చీల, చీల చుట్టూ చిన్న గొట్టం, ఆ గొట్టం మీద తిరిగే రోలరు ఉంటాయి. ఇలాటి చైనుకు 1880లో హాన్స్ రెనాల్డ్ అనే ఆయన ఇంగ్లండులోని మాంచెస్టరులో పేటెంటు పొందాడు. తొక్కేటప్పుడు రాపిడి జరిగేది చీలకూ గొట్టానికీ మధ్య. నూనె చేరవలసింది అక్కడికే. పైన కనిపించే రేకులకు ఎంత పూసినా లాభం లేదు.

మా తాతగారికి ఎద్దులబండి ఉండేది. దాని ఇరుసుకు ఆయన కందెన పెట్టేవాడు. ఆముదంలో మసి కలిపి చేసిన నల్లని జిడ్డు అది. బండి ఇరుసు లావు, బరువు ఎక్కువ, చక్రం తిరిగేది మెల్లగా. అక్కడ పలచని నూనె నిలవదు, చిక్కనిదే కావాలి. మొదటి ప్రపంచయుద్ధంలో (1914–18) కొన్ని విమానాల ఇంజన్లలో కూడా ఆముదమే పోశారంటే దాని సత్తా ఎంతటిదో ఊహించుకోండి! అయితే సైకిలు చైనులో సందులు చాలా సన్నం. చిక్కని ఆముదం లోపలికి దిగదు. పైనే నిలిచి దుమ్మును పట్టుకుంటుంది.

మా అక్క కూతురు ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. హైస్కూలు ఐదు కిలోమీటర్ల దూరం. దారిలో నాపరాళ్లు కోసి పాలిష్ చేసే ఫ్యాక్టరీలున్నాయి. మొన్న నేను వెళ్లినప్పుడు ఆ పిల్ల దిగులుగా ఉన్నది.

"కొత్త చైను వేసి ఏడాది కాలేదు మామా, అప్పుడే జారిపోతాంది. రెండుసార్లు పరీక్షకు ఆలస్యమైంది. ఆడపిల్ల దారిలో నిలబడిపోతే ఎట్లా, బడి మానిపించండి అంటాంది జేజి," అన్నది.

నేను చైను చూశాను. మోటారుసైకిళ్ల ఇంజన్లలోంచి తీసేసిన పాత నూనె వారం వారం పోస్తున్నారట. అది ఊరికే దొరుకుతుంది మరి! చైను నిండా నల్లని ముద్ద. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది.

ఆ గరగర ఏమిటో తెలుసా? రాళ్ల గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా అంకెలతో చెబుతారు. నాపరాయి సుమారు 3. అది ఉక్కు కన్న మెత్తన. కాని రోడ్డు మీది ఇసుక 7. అది ఉక్కును కూడా గీస్తుంది. నాపరాతి పొడి నూనెను ముద్ద చేస్తే, ఆ ముద్దలో చిక్కిన ఇసుక ఆకురాయిలాగా చీలలను అరగదీస్తుంది. పైగా ఇంజను నూనెలో ఇనప రజను కూడా ఉంటుంది.

జేజికి స్కేలు పెట్టి చూపించాను. కొత్త చైనులో ఒక చీల నడిమి నుంచి తరవాతి చీల నడిమికి అర అంగుళం. అంటే 24 లింకులు సరిగా 12 అంగుళాలు. ఎనిమిదో వంతు అంగుళం పెరిగితే చైను మార్చాలి. ఆ పిల్ల చైను పావు అంగుళం పెరిగింది! చైను సాగిందంటారు గాని, నిజానికి ఉక్కు సాగలేదు. చీలలూ గొట్టాలూ అరిగి సందులు పెద్దవయాయి.

"అయితే తప్పు పిల్లది కాదు, నూనెది," అన్నది జేజి. ఆ సాయంత్రమే కొత్త చైను వచ్చింది. బడి మాట మళ్లీ ఎత్తలేదు.

మరి ఏ నూనె పొయ్యాలి? కిరసనాయిలు, డీజిలు మురికిని కడగటానికి పనికివస్తాయి. చైనును కాపాడటానికి చాలవు. వేరుశనగ నూనె గాలి తగిలి కొన్నాళ్లకు బంకగా మారుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కన్న చల్లబడితే గడ్డకడుతుంది. మా పొడి నేలకు కుట్టుమిషను నూనె వంటి పలచని నూనె మంచిది. అది సందుల్లోకి దిగుతుంది. అయితే త్వరగా ఆరిపోతుంది కనక తరచు వెయ్యాలి. పందేలలో తొక్కేవాళ్లు కొందరు చైనును కరిగిన మైనంలో ముంచుతారు. మైనం గట్టిపడ్డాక దుమ్ము అంటుకోదు. కాని అది పెద్దవాళ్లు చెయ్యవలసిన పని.

వానాకాలం సంగతి వేరు. కోయిలకుంట్ల వైపు నల్లరేగడి తడిస్తే సైకిలు కదలనివ్వదు. పలచని నూనె నీళ్లకు కొట్టుకుపోతుంది. అప్పుడు కాస్త చిక్కని నూనె వాడి, ఇంటికి రాగానే బురద తుడవాలి. కనక నూనె కొనేముందు మీరు వెళ్లే దారి ఎలాటిదో చూసుకోండి.

వేసే పద్ధతి ఇది: పాత గుడ్డతో చైను తుడవండి. ఒక్కొక్క రోలరు మీద ఒక్కొక్క చుక్క వెయ్యండి. పెడలును మెల్లగా వెనక్కు తిప్పండి. చైనుకూ పళ్లచక్రానికీ మధ్య వేలు పోనివ్వకండి. పది నిమిషాలాగి, పైన మిగిలిన నూనెనంతా తుడిచెయ్యండి. చాలామంది మరిచిపోయేది ఈ చివరి పనే.

ఈ ఆదివారం స్కేలు తీసుకుని మీ చైనులో 24 లింకులు కొలవండి. మీరు ఇన్నాళ్లూ పోస్తున్న నూనె మంచిదో కాదో మీకే తెలుస్తుంది.