ఊరి పటములో కూరమడి



మనలో అనేకులు రాజాము బజారునకు గంపలతో కూరలు తెచ్చువారే. అయితే ఆ పట్టణములోనే, ఇండ్ల సందులలో, తోటకూరయు గోంగూరయు పండించువారు ఇంకను కొందరున్నారు. వారి మడులు ఎన్నాళ్లు నిలుచునా యని నేను తరచుగా తలంచుచుందును. మంచి విత్తనము, పెంటయెరువు ఉన్న చాలునని కొందరందురు. నాకట్లు తోచదు.

నేనెరిగిన మడి యొకటి యుండెను. దానివారు తెల్లవారకముందే కావడి భుజమున కెత్తుకొనువారు. చెరువునుండి వచ్చు చిన్న కాలువ ఒక క్రొత్త వీధి క్రింద పడిపోయెను; రెండేండ్లకు మడి బీడాయెను. వీధి వేసినవారికి వీరిమీద పగ ఏమియు లేదు. ఆ కాలువ వారి పటములో లేదు, అంతే.

ఇది ఒక్క రాజాము మాట కాదు. 1992లో మన రాజ్యాంగమునకు రెండు సవరణలు చేసిరి. పల్లె పంచాయతీలకు చూపిన 29 పనుల పట్టికలో మొదటిది వ్యవసాయము. పట్టణ సంఘముల పట్టికలో 18 పనులున్నవి. రోడ్లు, మంచినీరు, ఉద్యానవనములు, తుదకు శ్మశానములు కూడ కలవు. వ్యవసాయము మాత్రము లేదు. పల్లె పట్టణమైన దినమున చెరువును మడియు ఉన్నచోటనే యుండును. వాటి మాట పట్టికనుండి జారిపోవును.

పూర్వులు ఈ సంగతి ఎరిగియుండిరి. లేవీయులకిచ్చిన 48 పట్టణములకు చుట్టును పొలము కొలిచి యిచ్చిరని సంఖ్యాకాండము 35వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ పొలమును అమ్మకూడదని లేవీయకాండము 25వ అధ్యాయము చెప్పుచున్నది. అవి పశువుల మేతపొలములే గాని కూరమడులు కావు. అయినను ఊరితోపాటు పొలమును లెక్కలోనికి వచ్చుట చూడుడి. ఇంగ్లండులో 1908 చట్టము వలన, కోరిన పట్టణవాసులకు సేద్యపు ముక్కలు చూపుట స్థానిక సంఘముల విధి అయినది. అందుకై సంపాదించిన నేలను మంత్రి సమ్మతి లేక అమ్మరాదని 1925లో మరియొక చట్టము చేసిరి. నేటికిని లండనులో రైలు పట్టాల ప్రక్కన ఉల్లియు బంగాళదుంపయు పండుచున్నవి.

మన పల్లెలును రేపు పట్టణములో కలియవచ్చును. అప్పుడు పరుగెత్తిన లాభము లేదు. ఇప్పుడే తూము మొదలు చివరి మడివరకు కాలువ వెంట నడిచి, పటము గీసి, పెద్దల చేతికీయవలెను. కౌలు నోటిమాటగా నుండక నాలుగైదేండ్లకు కాగితముపై నుండవలెను. ఏటేట మారు కౌలునకు ఎవడు గట్టు వేయును? ఆ సభకు కూరగంపల అమ్మలను తప్పక పిలువవలెను. ఏ మాసమున ఏ మడికి నీరందునో వారికే తెలియును. మా ఊరి సభలలో వారింకను గడప అవతలనే నిలుచుచున్నారు.